పది మీటర్లు చాలు

(మొదటిసారి స్కూబా డైవింగ్‌కు సిద్ధమవుతున్నవాళ్లతో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

డైవింగ్‌కు పేరిచ్చినవాళ్లు నన్ను ముందుగా అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఎంత లోతుకు తీసుకెళ్తారు?" 10 మీటర్లు, మహా అయితే 12 అని చెప్తాను. కొందరు హమ్మయ్య అనుకుంటారు. ఇంకొందరి ముఖం చిన్నబోతుంది, ఇంత ఏర్పాటు చేసుకుని వెళ్లేది ఆ 10 మీటర్లకేనా అని. ఇవాళ నేను ముఖ్యంగా ఆ ముఖం చిన్నబోయినవాళ్లతోనే మాట్లాడాలనుకుంటున్నాను. పగడాల దిబ్బ దగ్గర మొదటిసారి చూడాల్సిందంతా పై 10 మీటర్లలోనే ఉంది. జాగ్రత్తపడాల్సిందీ ఎక్కువగా అక్కడే. లోతు సంగతి పక్కనపెట్టి, నీళ్లలో ఒకచోట నిలకడగా ఉండటం ఎలాగో ఆలోచించండి, మీ మొదటి డైవ్ ఎంతో బాగుంటుంది. నిలకడ అంటే కిందకి దిగిపోకుండా, పైకి లేచిపోకుండా, చేతులు ఆడించకుండా నీళ్ల మధ్యలో అలా ఉండిపోవడం. దాని చుట్టూనే ఈ మాటలన్నీ.

ముందు దిబ్బ సంగతి.

పగడం జంతువు. ఇది చాలామందికి కొత్తగానే ఉంటుంది, ఒకప్పుడు పెద్ద పెద్ద పండితులకూ కొత్తగానే ఉండేది. 1720లలో ఫ్రాన్స్‌కు చెందిన పెసొనెల్ అనే వైద్యుడు పగడాలు మొక్కలు కావు, జంతువులు అని చెప్తే అక్కడి శాస్త్రవేత్తలు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆయన చూసింది నిజమే. మీ కళ్లకు పెద్ద బండలా కనిపించేదాని మీద ప్రాణమున్నది పైనున్న పలచటి పొర మాత్రమే. ఆ పొరలో వేలకొద్దీ చిన్న జీవులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటిని పాలిప్‌లు అంటారు. చాలా రకాల్లో ఒక్కో పాలిప్ కొన్ని మిల్లీమీటర్లకు మించదు. ఒక నోరు, నోటి చుట్టూ మెత్తటి వేళ్లలాంటి టెంటకిల్స్, కింద అది తనకోసం కట్టుకున్న సున్నపు గూడు. పాతవి వదిలేసిన గూళ్ల మీద కొత్తవి గూళ్లు కట్టుకుంటూ పోతాయి. వేల ఏళ్లుగా అలా పేరుకున్న సున్నపురాయే దిబ్బ.

మరి దిబ్బ అంత పైకి, వెలుతురులోకి ఎందుకు పెరుగుతుంది? పాలిప్ ఒంట్లో ఒక రకం సూక్ష్మమైన శైవలాలు కాపురం ఉంటాయి. అవి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి అందులో ఎక్కువ వాటా పగడానికే ఇచ్చేస్తాయి. చాలా పగడాలకు కావాల్సిన శక్తిలో 90 శాతం వరకు ఇలాగే అందుతుంది. ఉష్ణమండల సముద్రాల్లో తేటగా కనిపించే నీళ్లలో పోషకాలు తక్కువ. అంత పేద నీళ్లలో అంత సందడిగా జీవం ఉండటానికి ఈ పొత్తే కారణం. వెలుతురు లేకపోతే ఈ పొత్తు లేదు. నీటిలోకి వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గిపోతుంది, కాబట్టి దిబ్బ కట్టే పగడాలు పైన గుమిగూడతాయి. వాటి సందుల్లో బతికే చేపలు, పీతలు, పురుగులు కూడా అక్కడే చేరతాయి. పగడాల దిబ్బలన్నీ కలిపినా సముద్రపు అడుగులో 1 శాతం కంటే తక్కువే. సముద్రంలోని జాతుల్లో దాదాపు 25 శాతం మాత్రం బతుకులో ఏదో ఒక దశలో వాటి మీదే ఆధారపడతాయి. ఆ 25 శాతాన్ని చూడటానికి మీరు చీకట్లోకి దిగనక్కర్లేదు.

రంగుల లెక్క కూడా పైవాళ్ల వైపే ఉంది. నీరు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తుంది. 5 మీటర్ల దగ్గరే ఎరుపు మసకబారుతుంది, 10 దాటేసరికి చాలావరకు పోతుంది, ఆ తర్వాత నారింజ, ఆపైన పసుపు. 25 మీటర్ల దగ్గర ఎర్రటి పగడం మీ కంటికి బూడిదరంగులోనో మురికి నీలంలోనో కనిపిస్తుంది. టార్చి వేస్తే తప్ప దాని అసలు రంగు తెలియదు. 4, 5 మీటర్ల దగ్గర ఎండ పడుతున్న దిబ్బను టార్చి లేకుండానే, ఉన్న రంగుల్లో చూడొచ్చు. లోతుకు వెళ్లి ఫొటోలు తీసుకుని, అన్నీ నీలంగా వచ్చాయేంటని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఇప్పుడు ఒత్తిడి గురించి. ఇది కాస్త శ్రద్ధగా వినండి.

"లోతు తక్కువ కాబట్టి ప్రమాదం లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. మన తలల మీదున్న గాలి మొత్తం మన మీద వేసే ఒత్తిడి 1 అట్మాస్ఫియర్. నీళ్లలో 10 మీటర్లు దిగితే ఇంకో అట్మాస్ఫియర్ కలుస్తుంది. అంటే 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4. రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన సూత్రం మీరు బడిలో చదువుకునే ఉంటారు, ఒత్తిడి రెట్టింపయితే గాలి సగానికి కుదించుకుపోతుంది. పైన ఒక లీటరున్న గాలి 10 మీటర్ల దగ్గర అర లీటరవుతుంది. 20 దగ్గర మూడో వంతు, 30 దగ్గర నాలుగో వంతు. చూశారా, మొదటి 10 మీటర్లలోనే సగం తేడా వచ్చేసింది. ఆ తర్వాతి ప్రతి 10 మీటర్లకూ మార్పు తగ్గుతూ పోతోంది. ఒంట్లో గాలి ఉండే చోట్లన్నీ, చెవులు, సైనస్‌లు, ఊపిరితిత్తులు, అన్నిటికంటే పెద్ద మార్పును చూసేది మనం వెళ్లే ఈ పై పొరలోనే.

చెవులతో మొదలుపెడదాం. ఈత కొలను అడుగుకు మునిగినప్పుడు చెవిలో నొప్పి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కర్ణభేరిని బయటినుంచి నీరు నొక్కుతోంది, లోపలినుంచి ఎదురు నొక్కేంత గాలి లేదు. ముక్కు మూసుకుని మెల్లగా ముక్కులోకి గాలి ఊదితే గొంతు వెనకనుంచి మధ్య చెవిలోకి గాలి వెళ్తుంది, చిన్న టిక్ అని చప్పుడవుతుంది, నొప్పి పోతుంది. దీన్ని నొప్పి వచ్చాక కాదు, రాకముందే చేయాలి. నీళ్లలో తల మునగ్గానే ఒకసారి, ఆ తర్వాత మీటరుకు ఒకటి రెండు సార్లు. సర్దుకోకపోతే ఒక మీటరు పైకి రండి, మళ్లీ ప్రయత్నించండి. బలంగా ఊదకండి. బలవంతంగా దిగకండి. కర్ణభేరి చిరిగితే నెలల తరబడి నీళ్లలో అడుగుపెట్టలేరు. జలుబుతో ఉన్న రోజున డైవ్ చేయొద్దు. మాత్ర వేసుకుని వస్తాం అంటారు కొందరు. నీళ్లలో ఉండగా మాత్ర ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోయే దారి ఉండదు. దిగలేకపోతే గట్టు మీద ఉండొచ్చు. పైకి రాలేకపోవడం వేరే సంగతి.

ఇక ఊపిరితిత్తులు. స్కూబాలో అన్నిటికంటే పెద్ద నియమం ఒక్కటే, ఊపిరి ఎప్పుడూ బిగపట్టకండి. 1943లో జాక్ కూస్తో, ఎమిల్ గగ్నాన్ కలిసి ఆక్వా లంగ్ అనే నీటికింద ఊపిరి తీసుకునే పరికరం తయారుచేసినప్పుడు సాధించింది ఏమిటంటే, మీరు ఏ లోతులో ఉంటే ఆ లోతు ఒత్తిడికి సరిపోయేలా రెగ్యులేటర్ గాలి అందిస్తుంది, అదీ మీరు పీల్చినప్పుడు మాత్రమే. ఇవాళ మీ నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ మూలం అదే. అంటే 10 మీటర్ల దగ్గర నిండుగా ఊపిరి పీలిస్తే మీ ఛాతీలో ఉన్నది పైన రెండు ఛాతీలు నిండే గాలి. దాన్ని బిగపట్టుకుని పైకి వస్తే అది పెరుగుతుంది, ఊపిరితిత్తి పెరగదు. నిండు ఊపిరితో ఒకటి రెండు మీటర్లు లేచినా ఊపిరితిత్తి దెబ్బతినొచ్చు, అంటే నడుము లోతు దాటితే చాలు, ఈ నియమం వర్తిస్తుంది. పీల్చడం, వదలడం, మళ్లీ పీల్చడం. రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోయినా చిన్న చిన్న బుడగలు వదులుతూనే ఉండాలి.

నేను ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. కారణం తెలిస్తే టెన్షన్ తగ్గుతుందని నా నమ్మకం. ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు కాబట్టి చేసేవాళ్లు కంగారులో మర్చిపోతారు. ఎందుకో తెలిసినవాళ్లకు ఒళ్లే గుర్తుచేస్తుంది.

ఇదే ఊపిరి నిలకడకు కూడా తాళంచెవి. దీని మీద కాసేపు ఉండాలి.

మీరు వేసుకునే జాకెట్‌ను బీసీడీ అంటారు. అందులోకి గాలి ఎక్కించొచ్చు, తీసేయొచ్చు. నడుముకు కొంత సీసం బరువు కట్టుకుంటారు. ఈ రెండిటితో మీ ఒళ్లు మునగక, తేలక మధ్యస్థంగా ఉండేలా సర్దుతారు. ఆపైన సన్నగా సరిచేసేది మీ ఊపిరే. నిండుగా పీలిస్తే ఛాతీ పెరుగుతుంది, మీరు కొంచెం పైకి లేస్తారు. వదిలితే కిందకి దిగుతారు. వినడానికి చాలా తేలిక. నీళ్లలో కష్టం ఎక్కడంటే, పీల్చిన క్షణానే లేవరు. ఒకటి రెండు సెకన్లు ఏమీ జరగదు. కొత్తవాళ్లు ఆ రెండు సెకన్లు ఆగలేరు. లేవలేదే అనుకుని జాకెట్‌లోకి గాలి ఎక్కిస్తారు. అప్పుడు పీల్చిన ఊపిరీ, ఎక్కించిన గాలీ కలిసి పైకి లాగేస్తాయి. లేచేకొద్దీ జాకెట్‌లోని గాలి ఇంకా వ్యాకోచిస్తుంది, ఇంకా వేగంగా లేస్తారు. కంగారుగా గాలంతా తీసేస్తారు, దబ్బున కిందకి, దిబ్బ మీదికి వస్తారు. ఇది జరిగేది ఎక్కువగా 3 నుంచి 6 మీటర్ల మధ్య, ఎందుకంటే గాలి అన్నిటికంటే వేగంగా మారేది అక్కడే. 18 మీటర్ల దగ్గర నిలకడగా ఉండటం 4 మీటర్ల దగ్గర ఉండటం కంటే తేలిక. లోతు తక్కువ దిబ్బ మీద నిలకడ నేర్చుకున్నవాళ్లకు మిగతా సముద్రమంతా సులువవుతుంది.

నేను నేర్పేది ఇలా ఉంటుంది. ఇసుక మీద, పగడాలకు దూరంగా, బోర్లా పడుకోమంటాను. జాకెట్‌లో గాలి కొంచెం కొంచెంగా ఎక్కించుకుంటూ, పీల్చినప్పుడు ఛాతీ లేచి, వదిలినప్పుడు దిగేదాకా. కాళ్లకు తొడుక్కునే ఫిన్స్ కొసలు మాత్రం ఇసుకను తాకుతూ ఉండాలి. అక్కడినుంచి ఇక జాకెట్ బటన్ ముట్టుకోవద్దంటాను. మెల్లగా పీల్చడం, ఇంకా మెల్లగా వదలడం. కొన్ని నిమిషాలకు చేతులు వాటంతటవే దగ్గరికి వస్తాయి, భుజాలు వదులవుతాయి. మాస్క్‌లోంచి కళ్లు చూస్తే తెలిసిపోతుంది, అప్పటిదాకా ఇన్‌స్ట్రక్టర్‌ను తప్ప దేన్నీ చూడని కళ్లు పక్కకు తిరుగుతాయి. అప్పటినుంచే డైవ్ మొదలైనట్టు.

బరువు గురించి ఒక్క మాట. మునగడం లేదని ఇంకో రెండు కిలోలు కట్టించుకునేవాళ్లు చాలామంది. సాధారణంగా మునగకపోవడానికి కారణం ఛాతీ నిండా గాలి పట్టుకుని ఉండటమే. పూర్తిగా ఊపిరి వదలండి, దిగుతారు. ఎక్కువ బరువు కట్టుకుంటే దాన్ని మోయడానికి జాకెట్‌లో ఎక్కువ గాలి కావాలి, ఎక్కువ గాలి ఉంటే ఇందాక చెప్పిన ఊగిసలాట ఎక్కువవుతుంది. కాళ్లు కిందకి వేలాడతాయి. వేలాడే కాళ్లే పగడాలను విరగ్గొట్టేవి.

ఇప్పుడు నిలకడగా ఉంటే కనిపించేవేంటో చెప్తాను.

పెద్ద గడ్డల్లా పెరిగే పగడాల మీద చిన్న చిన్న రంగుల గొడుగుల్లాంటివి జంటలు జంటలుగా కనిపిస్తాయి, వేలి కొస అంతే ఉంటాయి. క్రిస్మస్ ట్రీ వార్మ్ అంటారు, పురుగులే. పగడంలోపల గొట్టం చేసుకుని ఉంటాయి, ఆ రంగుల భాగంతో ఊపిరి తీసుకుంటాయి, నీళ్లలో కొట్టుకొచ్చే ఆహారం పట్టుకుంటాయి. మీ నీడ పడినా, మీ చెయ్యి నీటిని కదిలించినా చటుక్కున లోపలికి పోయి మూత వేసుకుంటాయి. హడావుడిగా ఈదేవాళ్లకు ఖాళీ గడ్డే కనిపిస్తుంది. ఒకచోట ఆగి, మెల్లగా ఊపిరి వదులుతూ ఉంటే ముందు మూత పక్కకు జరుగుతుంది, తర్వాత రంగు కొస, తర్వాత మొత్తం విప్పుకుంటుంది. ఆ గడ్డ మీద అలాంటివి ఎన్నో ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది.

హిందూ, పసిఫిక్ మహాసముద్రాల దిబ్బల మీద క్లీనర్ ర్యాస్ అనే సన్నటి చేప ఉంటుంది, ఒంటి పొడుగునా నల్లటి చార, దానికి అటూ ఇటూ నీలం. ఇది ఒక చోటు చూసుకుని అక్కడే ఉంటుంది. పెద్ద చేపలు దాని దగ్గరికి వచ్చి వరసలో ఆగుతాయి. ఒక గ్రూపర్ వచ్చిందనుకోండి, ఈ చిన్న చేపను ఒక్క గుటకలో మింగగలిగేది. అది నోరు తెరిచి, మొప్పలు విప్పి, కదలకుండా ఉంటుంది. ర్యాస్ నోట్లోకి వెళ్తుంది, పళ్ల సందుల్లో, మొప్పల్లో ఉన్న పరాన్నజీవులను ఏరుకు తింటుంది, మొప్ప పక్కనుంచి బయటికి వస్తుంది. ఎప్పుడైనా పరాన్నజీవి బదులు గ్రూపర్ ఒంటి మీది జిగురునే కొరికితే ఆ పెద్ద చేప ఒక్కసారిగా ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటు కూడా చూశాను. మీరు దగ్గరికి దూసుకెళ్తే వరస చెదిరిపోతుంది. రెండు మూడు మీటర్ల దూరంలో నీళ్లలో ఆగిపోతే వాటి పని అవి చేసుకుంటాయి.

చిలుకచేపలను చూడకముందే వింటారు. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది, అందుకే ఎటునుంచి వస్తోందో చెవికి తెలియదు. కరకరమని చుట్టూ వినిపిస్తుంది. ముక్కులా కలిసిపోయిన పళ్లతో అవి పగడపు రాతిని గీకుతుంటాయి, రాతి మీదా లోపలా ఉన్న శైవలాల కోసం. గొంతులోని ఇంకో జత పళ్లతో ఆ రాతిని పిండి చేస్తాయి. జీర్ణం కానిది ఇసుకగా బయటికి వస్తుంది. పెద్ద జాతి చిలుకచేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక వదులుతుంది. తెల్లటి ఇసుక తీరం బాగుందని మనం మురిసిపోయే చాలా ద్వీపాల్లో ఆ ఇసుకలో మంచి భాగం ఇలా వచ్చినదే. చిలుకచేపలను అతిగా పట్టేసిన చోట శైవలాలు పెరిగి పగడాలను కప్పేస్తాయి. ఈ చేప బతికి ఉండటం దిబ్బకు అంత అవసరం.

క్లౌన్ ఫిష్ గురించి మీకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు, పిల్లలకు కూడా తెలుసు. ఒక్క సంగతి చెప్తాను. అవి ఎనిమొనీ అనే, టెంటకిల్స్ ఉన్న మెత్తటి సముద్రజీవిలో కాపురం ఉంటాయి. ఒక ఎనిమొనీలో ఉన్న గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది, తర్వాతి పెద్దది మగది, మిగతావి ఎదగకుండా ఆగినవి. ఆడది చనిపోతే ఆ మగది ఆడదిగా మారుతుంది. మిగిలినవాటిలో పెద్దది మగదవుతుంది. చూసేటప్పుడు వాటి సైజులు గమనించండి, ఇంటి వరసలు తెలిసిపోతాయి.

ఒకసారి ఒక పెద్దావిడకు చెవులు సర్దుకోలేదు. 4 మీటర్ల కిందికి దిగలేకపోయారు. మిగతావాళ్లు ఇంకో ఇన్‌స్ట్రక్టర్‌తో దిబ్బ వాలు వెంబడి ముందుకెళ్లారు. నేనూ ఆవిడా ఒకే గడ్డ దగ్గర డైవ్ అంతా గడిపాం. పైకి వచ్చాక అందరూ చూసినవి చెప్పుకుంటుంటే ఆవిడ లెక్క ఆగలేదు. ఆక్టోపస్ ఒకటి రాయి రంగులోంచి ఇసుక రంగులోకి మారడం ఆవిడే చూపించారు నాకు. లోతుకు వెళ్లినవాళ్లు అంతసేపు దేని దగ్గరా ఆగలేదు.

ఇక ముట్టుకోవడం గురించి. ఇందులో నేను కాస్త గట్టిగానే ఉంటాను.

కొమ్మల్లా పెరిగే పగడాలు ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా పెరగొచ్చు. గడ్డల్లా పెరిగేవి ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు, చాలాచోట్ల అంతకంటే తక్కువ. మీటరు ఎత్తున్న గడ్డ మన తాతల కాలంలో మొదలై ఉంటుంది. ఫిన్ తగిలి ఒక ముక్క విరిగితే ఆ డైవర్‌కు తెలియను కూడా తెలియదు. విరగకపోయినా, చేత్తో నొక్కితే ఆ పలచటి పొర చిట్లుతుంది, అక్కడినుంచి జబ్బు పట్టొచ్చు. ఫిన్స్‌తో లేపిన ఇసుక పాలిప్‌ల మీద పడితే దాన్ని వదిలించుకోవడానికే వాటి శక్తి ఖర్చవుతుంది. మోకాళ్ల మీద కూర్చోవడం, పట్టుకుని ఫొటో దిగడం, చేపలకు తిండి వేయడం, ఇవేవీ నా డైవ్‌లో ఉండవు. గ్లవ్స్ కూడా వద్దంటాను. గ్లవ్స్ ఉంటే చెయ్యి దానంతటదే పట్టుకోవడానికి వెళ్తుంది.

ముట్టుకోకపోవడం మీకూ మంచిదే. ఫైర్ కోరల్ తగిలితే చర్మం మంట పుడుతుంది. లయన్ ఫిష్ ముళ్లలో విషం ఉంటుంది, స్టోన్ ఫిష్ రాయిలాగే పడి ఉంటుంది. సీ అర్చిన్ ముల్లు విరిగి లోపల ఉండిపోతుంది. వీటిలో ఏదీ మిమ్మల్ని వెంటాడదు. మీరు వెళ్లి చెయ్యో కాలో వేస్తేనే ప్రమాదం. వెంటాడేది ఒకటుంది, గుడ్లు కాపలా కాసే టైటాన్ ట్రిగ్గర్ ఫిష్. గూడు నుంచి పైదాకా గరాటు ఆకారంలో ఉన్న నీరంతా తనదే అనుకుంటుంది. అది మీ వైపు వస్తే పైకి లేవకండి, పైకి వెళ్లేకొద్దీ గరాటు వెడల్పవుతుంది. పక్కకు ఈదండి. సొరచేపల గురించి ప్రతిసారీ అడుగుతారు. లోతు తక్కువ దిబ్బ మీద కనిపించే చిన్న రీఫ్ షార్క్‌లు మీ బుడగల చప్పుడుకే దూరం జరుగుతాయి. కనిపిస్తే అది మీ అదృష్టం.

సన్‌స్క్రీన్ గురించి కూడా చెప్పాలి. ఆక్సీబెంజోన్‌లాంటి కొన్ని రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో పలావ్ దేశం 2020 నుంచి అలాంటివాటిని నిషేధించింది, హవాయి 2021 నుంచి రెండు రసాయనాలున్న వాటి అమ్మకం ఆపింది. పొడుగు చేతుల రాష్ గార్డ్, అంటే ఈతకు వేసుకునే చొక్కా, వేసుకుంటే క్రీమ్ అవసరమే చాలావరకు ఉండదు.

అయితే పగడాలను అన్నిటికంటే ఎక్కువగా చంపుతున్నది మన ఫిన్స్ కాదు, మన క్రీములు కాదు. వేడి. ఎండాకాలపు మామూలు గరిష్ఠ ఉష్ణోగ్రతకంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువగా, కొన్ని వారాలపాటు ఉంటే చాలు, పగడానికీ శైవలాలకీ ఉన్న పొత్తు చెడుతుంది. పగడం వాటిని బయటికి తోసేస్తుంది. రంగు వాటిదే కాబట్టి తెల్లగా అయిపోతుంది. దాన్నే బ్లీచింగ్ అంటారు. తెల్లబడ్డ పగడం ఇంకా చచ్చిపోలేదు, ఆకలితో ఉంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చనిపోతుంది, కొన్నాళ్లకు దాని మీద శైవలం పేరుకుంటుంది. ప్రపంచవ్యాప్తంగా ఇలా జరగడం 1998లో మొదటిసారి, తర్వాత 2010లో, 2014 నుంచి 2017 దాకా. నాలుగోది 2023లో మొదలైందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సంస్థ నోవా ప్రకటించింది. మీరు వెళ్లిన చోట తెల్లటి పగడాలు కనిపిస్తే ఎంత అందంగా ఉన్నాయో అని ఫొటో పెట్టకండి. అది ఏమిటో రాసి పెట్టండి. వేడికి అలిసిన దిబ్బకు మన తాకిడి కూడా తోడవకూడదు. నిలకడ మీద నేను ఇంత పట్టుబట్టడానికి అది కూడా కారణం.

ఇప్పుడు ఇందాక చీటీల్లో రాసిచ్చిన ప్రశ్నలు కొన్ని చూస్తాను.

"ఈత రాకపోతే డైవ్ చేయొచ్చా?" ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని చేసే పరిచయ డైవ్‌ను చాలాచోట్ల ఈత రానివాళ్లతోనూ చేయిస్తారు. అది 12 మీటర్లు దాటదు. సర్టిఫికెట్ కోర్సు చేయాలంటే మాత్రం 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు తేలాలి. ఆ కోర్సు పూర్తిచేసిన పెద్దవాళ్లకు 18 మీటర్ల దాకా అనుమతి. నా సలహా, ముందు ఈత నేర్చుకోండి. నీటిమీద భయం పోనివాళ్లకు నీటికింద చూడటం కుదరదు.

"ఎవరు చేయకూడదు?" గర్భిణులు చేయకూడదు. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ రాసి ఇస్తేనే. ఇచ్చే ఫారంలో నిజం రాయండి. అక్కడ దాచిన సంగతి నీళ్లలో దాగదు.

"నీళ్లలో మాట్లాడలేం కదా, ఎలా?" చేతులతో. ఒక్క సైగ మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. బొటనవేలు పైకి చూపిస్తే నీళ్లలో "పైకి వెళ్దాం" అని అర్థం. బాగుంది అని చూపిద్దామనుకుని బొటనవేలు ఎత్తితే మీ డైవ్ అక్కడితో ముగుస్తుంది. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. ఇబ్బందిగా ఉంటే అరచెయ్యి అటూ ఇటూ ఆడించి, ఇబ్బంది ఎక్కడో అక్కడ వేలు చూపించండి, చెవి అయితే చెవి.

"గాలి ఎంతసేపు వస్తుంది?" సిలిండర్ మామూలుగా 200 బార్ ఒత్తిడితో నింపుతారు (ఒక బార్ అంటే దాదాపు ఒక అట్మాస్ఫియర్), కనీసం 50 మిగిలుండగా పైకి చేరాలి. 10 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి పైనకంటే రెట్టింపు గాలి ఖర్చవుతుంది, 20 దగ్గర మూడింతలు. లోతు తగ్గితే సమయం పెరుగుతుంది. ప్రశాంతంగా ఉంటే ఇంకా పెరుగుతుంది. గాలి ఆదా చేద్దామని మాత్రం ఊపిరి ఆపి ఆపి తీసుకోవద్దు, తలనొప్పి వస్తుంది, నియమమూ తప్పినట్టు.

"పైకి ఎలా రావాలి?" నిమిషానికి 9 మీటర్లకు మించకుండా. మీ కన్నా వేగంగా పోయే చిన్న బుడగలను చూస్తూ రండి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగుతాం. కొత్తవాళ్లు ఆ 3 నిమిషాలు ఎప్పుడు అయిపోతాయా అని గడియారం చూస్తారు. పైన చెప్పిన నిలకడ వచ్చిందో లేదో తేలేది కూడా అక్కడే, కాబట్టి తాడు పట్టుకోకుండా ప్రయత్నించండి. డైవ్ ఒక్కటే చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. తిరుగు టికెట్లు తీసుకున్నవాళ్లు ఇవాళే చూసుకోండి.

ఇంకా చీటీలున్నాయి, మిగతావి మాస్కులు చూసుకుంటూ మాట్లాడుకుందాం. ఆ బల్ల మీద రకరకాల సైజులు పెట్టాం. పట్టీ తలకు తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. చెయ్యి తీసేసినా అతుక్కుని ఉంటే అది మీకు సరిపోయినట్టు. మధ్యలో జుట్టు చిక్కుకోకుండా చూసుకోండి, మీసాలున్నవాళ్లు పై పెదవి దగ్గర ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి, నీరు చేరేది ఎక్కువగా అక్కడినుంచే. ముందు వరసవాళ్లు రండి.